హాజరు పట్టీలో మన ఇంటి లెక్క

ఇంటరు పాసై డిగ్రీలో సీటు వచ్చిందంటే మన పల్లెల్లో అది ఒక్క ఇంటి సంతోషం కాదు. కొత్త సంచీ కొంటారు, బస్సు పాసు తీయిస్తారు, ఆదివారం ఆరాధనలో కృతజ్ఞతార్పణ చెల్లించి పాస్టరుగారిచేత ప్రార్థన చేయించుకుంటారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి బిడ్డ వాడే కావచ్చు, ఆ అమ్మాయే కావచ్చు. తల్లిదండ్రులకు కళ్లు చెమరుస్తాయి. "మా వంతు మేము చేశాం. ఇక వాడి చదువు వాడి చేతిలో ఉంది" అంటారు.

కొన్ని నెలలకు అదే ఇంటికి ఇంకో కబురు వస్తుంది. హాజరు చాలలేదట, పరీక్ష రాయనివ్వరట. తండ్రి పొలం పని వదిలి కాలేజీకి పరుగెత్తుతాడు. ఆఫీసు గది ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మావాడు రోజూ బస్సెక్కుతూనే ఉన్నాడు కదండీ" అంటాడు. గుమాస్తా పట్టీ తీసి చూపిస్తాడు. ఆ గళ్లలో ఏముందో తండ్రికి అర్థం కాదు. కొడుకు తల దించుకుని నిలబడతాడు. అలాంటి ఇల్లు మీ సంఘంలోనూ ఒకటి ఉండే ఉంటుంది.

కుర్రవాడు సోమరి, సినిమాలకు తిరిగాడు అని మనం తీర్పు చెప్పేస్తాం. కొందరి విషయంలో అది నిజమే. కాని ఆ పోయిన రోజులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే అందులో సగం రోజులు మనమే, అంటే ఇల్లూ బంధువులూ సంఘమూ, ఆ బిడ్డ దగ్గరనుంచి అడిగి తీసుకున్నవని తెలుస్తుంది. ఆ సంగతి మాట్లాడుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా నియమం ఏమిటో తెలియాలి. డిగ్రీ కాలేజీల్లో సెమిస్టరుకు 90 పనిదినాలు ఉండాలన్నది విశ్వవిద్యాలయాల లెక్క. అందులో 75 శాతం హాజరు ఉంటేనే పరీక్షకు అనుమతి. జబ్బు చేసి రాలేకపోయినవారికి డాక్టరు సర్టిఫికెట్టుమీద, రుసుము కట్టించుకుని, సాధారణంగా 65 శాతం వరకు సడలింపు ఇస్తారు. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటుకూ ఉపకారవేతనానికీ ఇదే 75 శాతం కొలత. కాబట్టి హాజరు తగ్గితే పరీక్షతో పాటు ఫీజు డబ్బు కూడా చిక్కులో పడుతుంది. కూలి చేసుకుని బిడ్డను చదివించే ఇంటికి రెండోది మొదటిదానికన్నా పెద్ద దెబ్బ.

90లో 75 శాతం అంటే 68 రోజులు. మానడానికి వీలున్నవి 22. వినడానికి చాలా ఎక్కువగానే ఉన్నట్టుంది. అవి ఎలా ఖర్చవుతాయో చూడండి.

బొల్లాపల్లి మండలంలో ఒక ఊరనుకోండి. ఇంటికి రెండెకరాల మిరప, కొంచెం పత్తి. అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. డిసెంబరులో సెమిస్టరు మొదలైంది. క్యారల్స్‌కు రాత్రిళ్లు తిరిగి లేవలేక మూడు రోజులు పోయాయి. సంక్రాంతికి కాలేజీ ఇచ్చిన సెలవులు సెలవులే, వాటికి ఇంట్లోవాళ్లు కలిపినవి రెండు. మిరప మొదటి కోతకు కూలీలు దొరకలేదు, అయిదు రోజులు. పిన్ని కూతురి పెళ్లికి మూడు రోజులు. శివరాత్రికి బస్సులు కోటప్పకొండ తిరునాళ్లకు మళ్లుతాయి, అదొక రెండు రోజులు. జ్వరం మూడు రోజులు. రెండో కోత, ఎండబెట్టడం, తాలుకాయ ఏరడం మళ్లీ అయిదు రోజులు. కూడితే 23. హాజరు 67 రోజులు, శాతం 74.4. ఒక్క రోజు తక్కువ!

ఇందులో సినిమాకు పోయిన రోజు ఒక్కటీ లేదని గమనించండి. ప్రతి రోజుకూ ఒక మంచి కారణం ఉంది. అడిగినవారు పరాయివారు కారు. "ఒక్క రోజేగా" అనే మాట ఏడుగురు ఏడుసార్లు అన్నారు, అంతే.

పీరియడ్ల లెక్కన హాజరు వేసే కాలేజీల్లో ఇంకో చిక్కు ఉంది. రోజుకు ఆరు పీరియడ్లనుకుందాం. ఊరి బస్సు ఆలస్యంగా వచ్చి మొదటి పీరియడు రోజూ పోతోంది. సెమిస్టరులో 540 పీరియడ్లు, కావలసినవి 405. రోజుకు అయిదే దొరికితే 405 నిండడానికి 81 రోజులు వెళ్లాలి. అంటే మానడానికి మిగిలింది తొమ్మిది రోజులు. తండ్రి అన్న మాట అబద్ధం కాదు, కుర్రవాడు నిజంగానే రోజూ బస్సెక్కాడు. ఆ బస్సు కాలేజీ గంట కొట్టాక చేరిందని ఇంట్లో ఎవరికీ తెలియలేదు. బస్సు వేళ సరిపడకపోతే మొదటి నెలలోనే ఊరివారంతా సంతకాలు పెట్టి డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వవచ్చు. దొనకొండ, కురిచేడు వైపునుంచి రైలు మీద వచ్చే పిల్లలు ఆ వేళలకు సరిపడే కాలేజీ ఏదో చేరకముందే చూసుకోవాలి. వినుకొండలో చదవడమా, నరసరావుపేట వెళ్లడమా, గుంటూరులో హాస్టల్లో పెట్టడమా అని ఆలోచించేటప్పుడు ఫీజు ఒక్కటే చూస్తాం. రోజూ రాకపోకలకు పట్టే గంటలు కూడా ఫీజులాంటివే.

ఇక మిరప కోత. కాయ ఒక్కసారి పండదు. విడతలు విడతలుగా పండుతుంది, పండినప్పుడు కోయకపోతే రంగు తప్పుతుంది, రంగు తప్పితే గుంటూరు యార్డులో ధర ఉండదు. కూలీలు అందరికీ ఒకేసారి కావాలి. కౌలు కట్టి, అప్పు తెచ్చి పండించిన రైతుకు "పిల్లవాణ్ణి కోతకు పిలవకండి" అని నీతి చెప్పడం తేలిక. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసిన సంవత్సరం గుర్తున్నవారెవరూ అలా చెప్పరు. కాని ఒక పని చేయవచ్చు. ఆ అయిదు రోజులకు ఒక మనిషిని పెట్టుకుంటే అయ్యే కూలి ఒక పక్క, ఒక సెమిస్టరు పోతే పోయే ఫీజూ ఆరు నెలల కాలమూ ఇంకో పక్క, ఒక కాగితం మీద రాసి భార్యాభర్తలు కూర్చుని చూడండి. చాలా ఇళ్లలో ఆ కాగితమే జవాబు చెబుతుంది. తప్పనిసరైతే పొద్దున బస్సు వేళ దాకా చేలో, సాయంత్రం వచ్చాక కల్లం దగ్గర సాయం అడగండి. తాలుకాయ ఏరడం దీపం వెలుగులో కూడా అవుతుంది. (ఆదివారం మధ్యాహ్నం కల్లంలో కూర్చోవచ్చా కూడదా అనే చర్చ ఇక్కడ పెట్టను. అది ఎవరి మనస్సాక్షికి వారే తేల్చుకోవాలి.)

మన ప్రతి ఇంట్లో గోడకు సంఘం ఇచ్చిన క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. దానికి ఇంకో పని అప్పగించండి. బిడ్డ కాలేజీకి వెళ్లని రోజు అంకె చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టండి, పక్కన కారణం ఒక్క ముక్కలో రాయండి: కోత, పెళ్లి, జ్వరం, బస్సు. చదువు రాని తల్లి కూడా సున్నాలు లెక్కపెట్టగలదు. నెలాఖరున ఎన్నో సున్నా అయిందో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. పెళ్లికి రెండు రోజులు ముందే రమ్మని బంధువులు ఒత్తిడి చేసినప్పుడు ఆ క్యాలెండరు చూపిస్తే చాలు, వేరే వాదన అక్కరలేదు.

తలనొప్పి అని చెప్పే రోజులు

ఇంటివారు అడగకుండానే బిడ్డ తనంతట తాను మానే రోజులు కూడా ఉంటాయి. "తలనొప్పి", "ఈరోజు క్లాసులు లేవు", "సారు రాడు" అంటారు. ఇది మొదటి సెమిస్టరులోనే ఎక్కువ. ఎందుకంటే చాలామంది మన పిల్లలు పది దాకా, కొందరు ఇంటరు దాకా, తెలుగులో చదివినవారు. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ బోధనంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. నిన్నటిదాకా క్లాసులో ముందు వరుసలో కూర్చున్న పిల్ల ఒక్కసారిగా ఏమీ అర్థంకాని చోట కూర్చుంటుంది. ప్రశ్న అడిగితే నవ్వుతారేమోనని భయం. వెనుక బెంచీకి జరుగుతుంది. వెనుక బెంచీనుంచి గుమ్మం ఎంతో దూరం ఉండదు.

ఈ సిగ్గును సోమరితనమనుకుని తిట్టకండి. దానికి మందు వేరే ఉంది. రేపు చెప్పబోయే పాఠాన్ని ఈ రాత్రి ఒక్కసారి తిరగేసి, అందులో లావు అక్షరాలతో ఉన్న మాటలు పది ఏరుకుని, వాటి అర్థాలు తెలుగులో నోటుపుస్తకం అంచున రాసుకోమనండి. పాఠం అర్థం కానవసరం లేదు, ఆ పది మాటలు తెలిస్తే చాలు. మరునాడు లెక్చరరు నోట ఆ మాటలు వినబడినప్పుడు దారిలో తెలిసిన ముఖాలు ఎదురైనట్టుంటుంది. 90 రోజులకు 900 మాటలవుతాయి. రెండో సెమిస్టరు నాటికి ఆ పిల్ల మధ్య బెంచీకి వస్తుంది.

క్లాసులో అవమానం ఎలా ఉంటుందో వినుకొండవారికి ఒకరు చెప్పక్కరలేదు. 1895 సెప్టెంబరు 28న ఈ ఊళ్లోనే పుట్టిన గుర్రం జాషువాకు బడిలో కులం పేరున ఎదురైన మాటలు ఇప్పటి మన పిల్లల కష్టాలకన్నా చాలా కఠినమైనవి. ఆయన చదువు మానలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి దగ్గర కూర్చుని మేఘసందేశం, రఘువంశం వంటి సంస్కృత కావ్యాలు చెప్పించుకున్నారు. గుంటూరులో లూథరన్ సంఘంవారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో తానే పంతులై ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. 1964లో ఆయన 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఈ సంగతి చెప్పడం మన పిల్లలు కవులు కావాలని కాదు. చెప్పేవారి దగ్గరికి వెళ్లి కూర్చోవడం అనే పనిని ఆయన సిగ్గుకు వదిలిపెట్టలేదు.

"నోట్సు గ్రూపులో పెడతారులే"

ఈ రోజుల్లో కొత్త సాకు ఇది. ఎవరో ఒకరు నోట్సు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు, వీడియోలు ఉన్నాయి, ఇక కాలేజీకి ఎందుకు? పిల్లలు గట్టిగా వాదిస్తారు, తల్లిదండ్రులకు జవాబు తోచదు. జవాబు ఉంది. 2010లో అమెరికాలో క్రెడే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు అంతకుముందు జరిగిన ఎన్నో పరిశోధనలను కలిపి లెక్కకట్టారు. కాలేజీ మార్కులు ఎలా ఉంటాయో ముందుగా చెప్పగలిగిన వాటిలో క్లాసు హాజరుకున్నంత బలం ప్రవేశపరీక్ష మార్కులకు గాని చదివే అలవాట్లకు గాని లేదని తేలింది. తెలివైనవాడు ఎవరన్నదానికన్నా వచ్చి కూర్చున్నవాడు ఎవరన్నది ఎక్కువ చెబుతుందన్నమాట. సాధారణ తెలివి గల మన పిల్లలకు ఇది మంచి వార్తే.

అయితే వచ్చి కూర్చోవడంతో పని పూర్తి కాదు. విన్నది నిలవాలి. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల మొదలైన 1885వ సంవత్సరంలోనే జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన జ్ఞాపకం గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. అర్థంలేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టాడు. ఒక్క రోజు గడిచేసరికి దాదాపు మూడింట రెండు వంతులు పోయింది. అర్థమున్న పాఠం అంత త్వరగా పోదు గాని, దారి అదే. పరీక్ష ముందు వారం రోజులు దీపం పెట్టుకుని తెల్లవార్లూ చదివే పిల్లవాడు నిజానికి కొత్తగా మొదలుపెడుతున్నాడు.

మరి ఏం చేయాలి? విన్నరోజు సాయంత్రమే పుస్తకం మూసి, ఈవేళ చెప్పింది ఏమిటో చూడకుండా ఒక తెల్లకాగితం మీద రాయాలి. తెలుగులో రాసినా ఫరవాలేదు. రాయలేకపోయిన చోటే తెరిచి చూడాలి. ఇది వినడానికి చిన్న పనిలా ఉంటుంది. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత నాలుగుసార్లు చదివించారు. కొందరిచేత ఒక్కసారి చదివించి మూడుసార్లు చూడకుండా రాయించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే నాలుగుసార్లు చదివినవారే ముందున్నారు. వారం తరువాత అడిగితే చదివినవారికి 40 శాతం, రాసినవారికి 61 శాతం గుర్తుంది. వల్లెవేసినప్పుడు అంతా వచ్చేసినట్టు అనిపించడం, పరీక్ష హాల్లో ఏమీ రాకపోవడం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ పనికి రోజుకు ఒక గంట చాలు, కాని అదే గంట కావాలి. ఒకరోజు ఆరింటికి, ఒకరోజు పదింటికి అంటే కుదరదు. ఇంట్లో ఇప్పటికే తప్పకుండా జరిగే పని ఏదుందో దాని వెనుకే ఈ గంట కట్టండి. సాయంత్రం కుటుంబ ప్రార్థన అయిన వెంటనే కూర్చోవడం చాలా ఇళ్లకు కుదురుతుంది. ప్రార్థన అయ్యేసరికి టీవీ ఎలాగూ కట్టి ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. ఫోను వంటింటి గూట్లో పెట్టించండి. బిడ్డ ఫోనుతో పాటు తండ్రి ఫోను కూడా అక్కడే పెడితే మాటకు బరువుంటుంది. అలవాటు కుదరడానికి ఎన్నాళ్లు పడుతుంది? లండన్ యూనివర్సిటీ కాలేజీవారు 2009లో ప్రకటించిన పరిశోధనలో సగటున 66 రోజులు అని వచ్చింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులో తేలింది. కాబట్టి పది రోజులకే "వీడికి కుదరడం లేదు" అని వదిలేయకండి. 66 అంటే మనకు కావలసిన 68 రోజుల హాజరుకు దగ్గరగానే ఉంది, చూశారా!

ఆ గంట ఎవరికి దొరుకుతుంది?

కొడుక్కి దొరికిన గంట కూతురికి దొరకడం లేదు. ఇది చెప్పక తప్పదు. ఇద్దరూ ఒకే బస్సు దిగుతారు. అబ్బాయి సంచీ పారేసి రచ్చబండ దగ్గరికి పోతాడు. అమ్మాయి నీళ్లు పట్టి, పొయ్యి ముట్టించి, తమ్ముడికి లెక్కలు చెప్పి, అంట్లు తోమేసరికి తొమ్మిది దాటుతుంది. అప్పుడు పుస్తకం తీస్తే నిద్ర ముంచుకొస్తుంది. తల్లికి ఒంట్లో బాగాలేకపోతే కాలేజీ మానేది ఎవరో అందరికీ తెలుసు. క్యాలెండరు మీద ఎర్ర సున్నాలు ఇద్దరికీ వేరువేరుగా చుట్టి చూడండి, మీకే తెలుస్తుంది. అంట్లు తోమితే అబ్బాయి చేతులు అరిగిపోవు.

సంబంధం వచ్చిందని రెండో సంవత్సరం మధ్యలో పెళ్లి పెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. "పెళ్లయ్యాక కూడా చదివిస్తామన్నారు" అంటారు. చదివించేవారు లేకపోలేదు. కాని అత్తగారి ఊరు మారాక హాజరు ఏ కాలేజీలో, ఏ బస్సుమీద అని పెళ్లి మాటల్లో ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్న నిశ్చితార్థానికి ముందే పెద్దమనుషుల సమక్షంలో అడగండి. చివరి సెమిస్టరు అయ్యాక ముహూర్తం పెట్టుకుందామంటే కాదనే మంచి సంబంధం ఉంటుందా?

సంఘ పెద్దలకు ఒక మనవి, నొచ్చుకోకూడదు. క్రిస్మస్ నాటిక రిహార్సల్సు, యౌవనస్థుల కూటములు, మూడు రోజుల ఉజ్జీవ సభలు, వీటిలో బల్లలు మోసేదీ పాటలు పాడేదీ మన కాలేజీ పిల్లలే. తారీఖులు నిర్ణయించే ముందు ఆ పిల్లలనే పిలిచి పరీక్షలు ఎప్పుడని అడగండి. క్యారల్స్ రాత్రి పదింటికి ముగిస్తే ఆనందం ఏమీ తగ్గదు. ఇంకో మాట. ఇరుకు ఇళ్లలో, ఒకే గదిలో ఆరుగురు ఉండే చోట, పిల్లవాడు కూర్చుని చదివే స్థలం ఎక్కడిది? వారంలో ఆరు రోజులు మన మందిరాలు తాళం వేసి ఉంటాయి. అందులో లైట్లున్నాయి, ఫ్యాన్లున్నాయి, బల్లలున్నాయి. సాయంత్రం ఏడునుంచి తొమ్మిదిదాకా తలుపు తీసి, ఒక పెద్దాయన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. వెనుకటి రోజుల్లో బోర్డింగులో గంట కొట్టగానే చదువుకు కూర్చున్న పెద్దలు ఇప్పటికీ మన సంఘాల్లో ఉన్నారు. ఆ కుర్చీలో వారు కూర్చోవచ్చు. ఏ మతం పిల్లలు వచ్చినా రానివ్వండి, ఇది చదువు గంట.

ఇప్పటికే హాజరు తగ్గిన పిల్లలు ఉంటే పరీక్ష ఫీజు కట్టే రోజుదాకా ఆగవద్దు. తండ్రో తల్లో, ఎవరూ తీరికగా లేకపోతే అన్నయ్యో, ఈ వారమే కాలేజీకి వెళ్లి ఎన్ని రోజులు జరిగాయి, ఎన్ని హాజరయ్యాడు అని రెండు అంకెలు కాగితం మీద రాయించుకుని రండి. నిజంగా జబ్బు చేసి ఉంటే ఆసుపత్రి చీటీలు వెంట తీసుకెళ్లండి. రాని జ్వరానికి సర్టిఫికెట్టు కొనిపెట్టకండి. చదువు కోసమే గదా అని తండ్రే బిడ్డచేత అబద్ధం మీద సంతకం పెట్టిస్తే, రేపు ఆ బిడ్డ ఇంట్లో చెప్పే మాటను ఎలా నమ్ముతారు? సెమిస్టరు సగంలో తెలిసిందంటే ఇంకా 45 రోజులు చేతిలో ఉంటాయి. మొదటి 45లో 15 పోగొట్టుకున్నవాడు మిగిలిన వాటిలో 38 వెళ్లాలి. అంటే అతనికి ఏడు రోజులున్నాయి. ఆ ఏడూ జ్వరానికి ఉంచి, కోతకు కూలి మనిషిని మాట్లాడండి.